మైకక్క కొత్త అంగిలి

ఆ బస్టాండులో రోజూ వేలమంది ఆమె మాట వినేవాళ్లు. ఆమె ముఖం చూసినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. విచారణ కిటికీ వెనకాల, గోడకి అతికించినట్టు ఒక చిన్న గది ఉండేది. అందులో ఒక బల్ల, ఒక మైకు, రెండు ఫోన్లు, తిరగడానికి మొరాయించే ఫ్యాను, ప్లాట్‌ఫారాలు మసకమసకగా కనిపించే అద్దం. ఆ గదిలో ఇరవై ఏళ్లకు పైబడి కూర్చున్న మనిషిని డిపోలో అందరూ మైకక్క అనేవాళ్లు. ఆమె కంటే పెద్దవాళ్లైన డ్రైవర్లు కూడా మైకక్క అనే పిలిచేవాళ్లు. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు.

మొదట్లో ఆమె పాసులు రాసే గుమాస్తా. ఒకరోజు ప్రకటనలు చదివే పెద్దాయనకి గొంతు పట్టేస్తే, ఆ ఒక్క పూటకని ఆమెను మైకు ముందు కూర్చోబెట్టారు. పూటకని కూర్చున్న మనిషి తల నెరిసేదాకా లేవలేదు. ఎందుకంటే ఆమె ప్రకటనలు చదివేది కాదు, జనంతో మాట్లాడేది.

“ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద బండి సిద్ధంగా ఉంది. డ్రైవరుగారి గ్లాసులో ఇంకో రెండు గుటకల టీ మిగిలింది. కాబట్టి ఎవరూ పరుగెత్తక్కర్లేదు. పిల్లల చెయ్యి పట్టుకుని నడవండి.”

“నీలం గొడుగు మర్చిపోయినవాళ్లు కిటికీ దగ్గరికి రండి. గొడుగు మీద ఒక బొమ్మ ఉంది. ఏం బొమ్మో చెప్పినవాళ్లకే గొడుగు. నాదంటే నాదని పదిమంది రావద్దు.”

జనం నవ్వుకునేవాళ్లు. బండి ఆలస్యమైతే ఎంత ఆలస్యమో దాచకుండా చెప్పేది. ఒకసారి డిపో మేనేజరు పిలిచి, “కాస్త తగ్గించి చెప్పవమ్మా, సంస్థ పరువు పోతోంది” అన్నాడు. “బండి టైముకి పంపండి సార్, పరువు దానంతటదే తిరిగొస్తుంది” అంది. అంత ముక్కుసూటి మనిషి.

భర్త అదే డిపోలో బాడీ మేస్త్రి. గుద్దుకుని వచ్చిన బస్సుల సొట్టలు సాపుచేసి, తుప్పుపట్టిన రేకు కోసి, కొత్త రేకు అతికించడం ఆయన పని. సుత్తి దెబ్బలకి ఆయన వినికిడి సగం పోయింది. మిగతా సగానికి ఆమె గొంతు చాలు. పిల్లలు లేరు. పక్కవీధిలో చెల్లెలు ఉంది. నోట్లో మాట ఆగని మనిషి. అక్క మైకులో మాట్లాడితే నేను మైకు లేకుండా మాట్లాడతాను అనేది.

జబ్బు పడిశం వేషంలో వచ్చింది. ఎడమ ముక్కు మూసుకుపోయింది. బస్టాండు దుమ్ము, పొగ అనుకుంది. ‘నంబరు’ అనబోతే ‘దంబరు’ అని వచ్చేది. కండక్టర్లు కిటికీలోంచి తొంగిచూసి, “ఏంటక్కా, ఇవాళ మైకక్క కాదు, బైకక్కవా?” అని ఆటపట్టించేవాళ్లు. ఆమె కూడా నవ్వేసింది. తరవాత పై పన్ను ఒకటి కదిలింది. పళ్ల డాక్టరు పీకేశాడు. పీకిన చోట పుండు మానలేదు. ఒక పొద్దున ముఖం కడుక్కుంటుంటే కుడి చెంపకి నీళ్ల చల్లదనం తెలిసింది, ఎడమ చెంపకి తెలియలేదు. మళ్లీ దోసిలి పట్టి కొట్టుకుంది. ఎవరి చెంపమీదో కొట్టినట్టుంది. తుడుచుకున్న తువ్వాలుకి ముక్కులోంచి సన్నటి ఎర్రచార అంటుకుంది.

పళ్ల డాక్టరు ఈసారి పుండు చూసి ఇంకేమీ ముట్టుకోలేదు. “పెద్దాసుపత్రికి వెళ్లండమ్మా, ఇవాళే వెళ్లండి” అన్నాడు.

పెద్దాసుపత్రిలో స్కానింగులు, పుండులోంచి ముక్క తీసి చేసే పరీక్ష అన్నీ అయ్యాక పొడుగాటి డాక్టరొకాయన ఆమెనీ, భర్తనీ, చెల్లెల్నీ కూర్చోబెట్టాడు. తెరమీద ఆమె తల అడ్డంగా కోసిన పండులా కనిపిస్తోంది.

“ముక్కుకి రెండుపక్కలా, చెంప ఎముకల లోపల, గాలి మాత్రమే ఉండే గదులుంటాయి. అందరికీ ఉంటాయి. మీకు ఎడమపక్క గదిలో కేన్సరు చేరింది.”

“నాకు తెలియకుండానా?” అంది మైకక్క.

“ఖాళీ గది కదమ్మా. నిండి గోడలు నెట్టేదాకా ఎవరికీ తెలీదు.”

ఏమేం తీయాలో ఆయన దాచకుండా చెప్పాడు. ఎడమపక్క పైదవడ, ఆ పళ్లు, చెంప ఎముకలో చాలా భాగం, కంటిని కింద మోసే ఎముక, అంగిలిలో సగం. కన్ను దక్కుతుంది. ఆమె అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది.

“మాట?”

ఆయన తెర మీద వేలు పెట్టాడు. “అంగిలంటే నోటికి పైకప్పు, ముక్కుకి నేల. అది పోతే నోరూ ముక్కూ ఒకటైపోతాయి. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట కూడా ముక్కులోంచే పోతుంది. కానీ అలా వదిలెయ్యం. నేను తీసే మనిషిని. కట్టే మనిషి పక్కగదిలో ఉంది. పదండి.”

అప్పట్నుంచి వాళ్లింట్లో ఆయన తీసే డాక్టరు, ఆమె కట్టే డాక్టరమ్మ.

కట్టే డాక్టరమ్మ పొట్టి మనిషి. కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకి అందీ అందనట్టుండేవి. రెండు దారులున్నాయంది. ఒకటి, ఆ కన్నానికి సరిపోయే ప్లాస్టిక్ బిళ్ల. కట్టుడు పళ్లలా పెట్టుకుంటూ తీస్తూ ఉండాలి. రెండోది, ఎముకతోనూ చర్మంతోనూ కొత్తగా కట్టేయడం.

“ఎముక ఎక్కణ్ణుంచి తెస్తారు?” అన్నాడు మేస్త్రి.

“ఆవిడ కాల్లోంచే.”

మేస్త్రి వంగి ఆమె కాళ్ల వైపు చూశాడు. చెల్లెలు ఆగలేకపోయింది. “మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం అని వినడమే డాక్టరమ్మా, అది నిజంగా చేస్తారా?”

డాక్టరమ్మ పకపకా నవ్వింది. “మోకాలు కాదమ్మా, దాని కింద. అక్కడ రెండు ఎముకలుంటాయి. లోపలివైపు లావుది ఒళ్లు మోస్తుంది. బయటివైపు సన్నది దానికి తోడుంటుంది. ఆ సన్నదాంట్లో పైనా కిందా కాస్త కాస్త ఉంచి నడిమి ముక్క తీసుకుంటే, మనిషి మళ్లీ నడుస్తుంది. ఆ ఎముకతోపాటు దానికి రక్తం తెచ్చే నాళాల్నీ, పైనున్న చర్మాన్నీ విడదీయకుండా తీస్తాం. ఎముక దవడవుతుంది, చర్మం అంగిలవుతుంది. నాళాల్ని మెడలో ఉన్న నాళాలకి కుడతాం.”

చెప్పి బీరువాలోంచి ఒక సంచీ తీసి, అందులోంచి తెల్లటి బొమ్మ ఒకటి మైకక్క చేతుల్లో పెట్టింది. మనిషి పుర్రె. ప్లాస్టిక్‌తో చేసింది.

“ఎవరిది?”

“మీదే. మీ స్కానింగు చూసి యంత్రం పోత పోసింది. వెంట్రుకవాసి తేడా ఉండదు.”

మైకక్క దాన్ని కింద పెట్టలేకపోయింది. యాభై ఏళ్లు తన ముఖం వెనక ఉండి, తనకెప్పుడూ కనిపించనిది ఇప్పుడు తన ఒళ్లో ఉంది. పన్ను పీకిన సందు కూడా ఉంది. బొటనవేలితో దాని కుడి చెంప ఎముక నిమిరింది, తరవాత అదే వేలితో తన చెంప నిమురుకుంది. ఒకే వంపు. ఒళ్లు జలదరించింది. భయం వల్ల కాదని ఆమెకి తెలుసు. చిన్నప్పుడు మొదటిసారి సముద్రం చూసినప్పుడు కూడా అలాగే జలదరించింది.

డాక్టరమ్మ ఇంకో బొమ్మ తీసింది. అదే పుర్రె, కానీ ఎడమపక్క మూడు ఎముక ముక్కలు విల్లులా వంచి అమర్చి ఉన్నాయి. మేస్త్రి దాన్ని కంటి దగ్గరగా పెట్టుకుని, అతుకుల దగ్గర వేలుపోనిచ్చి చూశాడు. పని తెలిసినవాడి చూపు అది.

“మేమూ తుప్పుపట్టిన రేకు కోసేసి కొత్తది అతికిస్తాం డాక్టరమ్మా. కానీ మా రేకుకి ప్రాణం ఉండదు.”

“అందుకే మీరు అదేరోజు బండి రోడ్డెక్కిస్తారు. మాది మెల్లగా అవుతుంది” అంది ఆవిడ.

ప్లాస్టిక్ బిళ్లా, కాలి ఎముకా అన్న సంగతి మీద ఇంట్లో రెండుమూడు పూటలు వాదన నడిచింది. “ఒకచోట జబ్బుంటే రెండుచోట్ల కోతా?” అని చెల్లెలు ఏడిచింది. మేస్త్రి మాత్రం, “నీ ముఖం, నీ కాలు. నీ ఇష్టం” అన్నాడు. మైకక్క చివరికి, “మాట్లాడాల్సొచ్చినప్పుడల్లా బిళ్ల ఎక్కడ పెట్టానా అని వెతుక్కోలేను. నా కళ్లజోడే నాకు దొరకదు” అని తేల్చేసింది.

ఆపరేషను ముందురోజు డాక్టరమ్మ వార్డుకొచ్చి, ఆమె ఎడమకాలి మీద పెన్నుతో గీతలు గీసింది. పిక్క పక్కన ఆకు ఆకారం ఒకటి. ఆ ఆకు మధ్యలో చిన్నప్పట్నుంచీ ఉన్న పుట్టుమచ్చ ఉంది.

“ఇది కూడా వస్తుందా?”

“వస్తుందమ్మా. ఆకు పక్కకి జరిపితే నాళం అందదు.”

“రానివ్వండి. ఇన్నేళ్లూ కాలి దగ్గరే పడుంది” అంది మైకక్క. అప్పటికి అది ఆమెకి నవ్వులాటే.

తెల్లవారుతూ లోపలికి తీసుకెళ్లారు. బయటికి తెచ్చేసరికి దీపాలు పెట్టారు. ఆ పొద్దంతా లోపల ఏం జరిగిందో ఆమెకు తెలియదు. తరవాత ఎప్పుడో పట్టుబట్టి అడిగితే డాక్టరమ్మే చెప్పింది. తీసే డాక్టరు ఒకపక్క ముఖంలో పనిచేస్తుంటే, తను ఇంకోపక్క కాలి దగ్గర పనిచేసిందట. తీసే డాక్టరు జబ్బంతా తీసి, అంచుల్లో ఏమీ మిగల్లేదని పరీక్ష చేయించి, పక్కకి తప్పుకున్నాడట. కాలి ఎముకని మూడు ముక్కలు చేసి, లోహపు పలకతో, మేకులతో బిగించి, చెంపలో కూర్చోబెట్టారట. తరవాత మైక్రోస్కోపు కింద, వట్టి కంటికి కనిపించీ కనిపించని దారంతో నాళానికి నాళం కుట్టారట.

“కుట్టాక, నాళాన్ని నొక్కిపట్టిన క్లిప్పు వదుల్తామమ్మా. అప్పటిదాకా ఆ ఎముక పాలిపోయి ఉంటుంది. క్లిప్పు వదిలాక, కాసేపటికి ఆ ఎముక అంచున ఎర్రగా చెమరుస్తుంది. చర్మం గులాబీ రంగుకి తిరుగుతుంది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇప్పటికీ ఆ నిమిషంలో నా నోట మాట రాదు.”

మైకక్కకి మెలకువ వచ్చేసరికి నోట మాట రాని మనిషి తనే. మెడకి గొట్టం, ముక్కుకి గొట్టం, కాలికి కట్టు. గాలి మెడలోంచే వచ్చిపోతోంది, గొంతు దాకా రావడం లేదు. ‘ఊ’ అనడానికి కూడా లేదు. పెదాలు ఎండిపోయి, తడి చెయ్యమని వేళ్లతో సైగ చేస్తే మేస్త్రి కళ్లజోడు తెచ్చి పెట్టాడు. కాదని చెయ్యి ఊపితే ఫ్యాను ఆపేశాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమె ఏం కావాలన్నా నోటితో చెప్పింది. సైగలు అర్థం చేసుకునే అవసరం పాపం ఆయనకి ఎప్పుడూ రాలేదు. చివరికి చెల్లెలొచ్చి, “బావా, తడిగుడ్డ అడుగుతోంది, తడిగుడ్డ!” అని కేకేసింది.

గంటగంటకీ ఒక నర్సు వచ్చేది. సన్నటి మనిషి, పెద్దగా మాట్లాడదు. మొదటిసారి ఆమె వచ్చి మైకక్క దవడ కింద చల్లటి జిగురేదో రాసి, పెన్సిల్‌లాంటి కడ్డీ ఆనించి, చేతిలో ఉన్న చిన్నపెట్టె మీట నొక్కింది. ముందు గరగరమంది. తరవాత వచ్చింది ఆ చప్పుడు.

హుష్... హుష్... హుష్...

మైకక్క కళ్లతోనే అడిగింది, ఏమిటని.

“మీ కాలి నాళమమ్మా” అంది నర్సు. “చెంపలోకి రక్తం తెస్తోంది. ఆ చప్పుడు.”

మైకక్క ఊపిరి బిగబట్టింది. స్పీకరులోంచి తన గొంతు వినడం ఆమెకి కొత్త కాదు. సగం జీవితం అదే విన్నది. కానీ ఇది ఆమె పలికిన చప్పుడు కాదు. ఎవరూ పలకమననిది, పుట్టినప్పట్నుంచీ పిక్క లోపల చీకట్లో నడుస్తూ ఉన్నది. నిన్నటిదాకా నేలకి జానెడెత్తున ఉన్నది ఇవాళ కంటి కింద నడుస్తోంది. ఊరు మారినా నడక మారలేదు. ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. కుడి చెంపమీది తడి తెలిసింది. ఎడమ చెంపమీద కారింది తెలియలేదు. నర్సు రెండువైపులా తుడిచి, ఇంకాసేపు ఆ కడ్డీ అలాగే పట్టుకుంది.

ఆ తరవాత గంట కోసం ఆమె ఎదురుచూడటం మొదలుపెట్టింది. నొప్పుల మందు మగతలో కూడా ఆ చప్పుడు వినపడితే ప్రాణం లేచొచ్చేది.

అప్పుడొచ్చింది గండం. మధ్యాహ్నం పూట, వార్డంతా భోజనాల సందడిలో ఉంది. నర్సు ఎప్పట్లాగే వచ్చి కడ్డీ ఆనించింది. హుష్ మంది. మైకక్కకి ఎప్పట్లాగే అనిపించింది. కానీ నర్సు తల కాస్త వాల్చి ఇంకోసారి విన్నది. టార్చి తీసి నోట్లోకి చూసింది. సన్నటి సూదితో కొత్త అంగిలిని గుచ్చింది. మైకక్కకి తెలియనే లేదు. సూది మొనకి వచ్చిన రక్తం నల్లగా ఉంది. నర్సు పరుగు లేకుండా, కానీ ఇంకెవరూ అందుకోలేనంత వేగంగా ఫోను దగ్గరికి నడిచింది.

కట్టే డాక్టరమ్మ తింటున్న అన్నం వదిలి వచ్చినట్టుంది, చెయ్యి ఇంకా తడిగా ఉంది. టార్చి వేసి చూసి మైకక్క వైపు వంగింది. “రక్తం లోపలికి వస్తోందమ్మా. బయటికి పోయే దారి మూసుకుపోయింది. అంగిలి వంకాయరంగుకి తిరిగింది. ఇప్పుడే మళ్లీ లోపలికి వెళ్తున్నాం.”

మైకక్కకి అది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. లోపలికి వచ్చే గేటు తెరిచే ఉంది, బయటికెళ్లే గేటుకి అడ్డంగా ఏదో ఆగిపోయింది. అలాంటప్పుడు బస్టాండు ఎంతసేపట్లో ఉక్కిరిబిక్కిరవుతుందో ఆమెకి తెలుసు. మేస్త్రి మంచం వెంట నడుస్తూ ఆమె చెయ్యి వదల్లేదు. తలుపు దగ్గర ఎవరో వదిలించారు.

మళ్లీ కళ్లు తెరిచేసరికి సాయంత్రపు ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. సిరలో గడ్డకట్టిన రక్తం తీసేసి, మళ్లీ కుట్టామని చెప్పారు. టార్చి వేసి చూసిన డాక్టరమ్మ ముఖం చూస్తూనే ఆమెకు తెలిసిపోయింది. “గులాబీ రంగు” అంది డాక్టరమ్మ. తరవాత మంచం అవతల నిలబడ్డ నర్సు వైపు తిరిగి, అందరూ వినేలా, “ఇంకో గంట ఆగుంటే ఇందులో ఏమీ మిగిలేది కాదు. ఎలా పట్టావు?” అని అడిగింది.

“మామూలుగా వచ్చే చప్పుడు కింద ఇంకో సన్నటి చప్పుడుంటుంది మేడమ్, గాలి వీచినట్టు. అది లేదు” అంది నర్సు, అదేదో గొప్ప సంగతి కానట్టు.

మైకక్క నర్సు ముఖం చూస్తూ ఉండిపోయింది. గొంతుతో బతికిన మనిషి ఆమె. తనకంటే బాగా వినేవాళ్లు ఉంటారని ఆమెకెప్పుడూ తోచలేదు. చేతులెత్తడానికి గొట్టాలడ్డం. రెండు వేళ్లు మాత్రం నర్సు ముంజేతి మీద పెట్టింది.

గండం గడిచాక రోజులు మెల్లగా కదిలాయి. మెడలో గొట్టం తీసేశారు. నోటి లోపల వాపు. నాలుక పైకెత్తితే ఏదో మెత్తటి పరుపు తగిలేది. నాలుక దాన్ని తాకినట్టు నాలుకకి తెలుస్తోంది, దానికి మాత్రం తెలియడం లేదు. తన నోట్లోనే ఎవరో చుట్టం వచ్చి నిద్రపోతున్నట్టుండేది. మాట్లాడొచ్చు అన్నారు కానీ ఆమె నోరు తెరవలేదు. తీసే డాక్టరు చెప్పింది మనసులో నాటుకుపోయింది. ముక్కులోంచి మాట పోతే ‘ప’ అన్నది ‘మ’ అవుతుంది, ‘బస్సు’ అన్నది ‘మస్సు’ అవుతుంది. ఆ గొంతు మొదట తనే వినాలి. అదే భయం.

మాటలు నేర్పే టీచరు ఒకావిడ వచ్చింది. చేతిలో చిన్న అద్దం. దాన్ని ఫ్రిజ్‌లో చల్లబెట్టి తెచ్చింది. మైకక్క ముక్కు కింద అడ్డంగా పట్టింది.

“గాలి ముక్కులోంచి జారితే అద్దం మసకబారుతుంది. జారకపోతే మసకబారదు. ఏదీ, ‘ప’ అనండి.”

చెల్లెలు మంచం పట్టె పట్టుకుంది. మేస్త్రి బాగా వినపడే చెవి ఇటు తిప్పాడు. మైకక్క పెదాలు మూసి, బుగ్గలో గాలి పట్టి, వదిలింది.

“ప.”

చిన్న ‘ప’. బొంగురు ‘ప’. కానీ ‘ప’.

“ఇంకోసారి.”

“ప. పా. పాప. బ. బస్సు.” ఆమె కళ్లు పెద్దవయ్యాయి. “బస్సు! బస్సు బయల్దేరుతోంది!”

టీచరు అద్దం తిప్పి చూపించింది. మసక లేదు. తళతళలాడుతోంది. కాలి చర్మం గాలిని ఆపింది. నిన్నమొన్నటిదాకా దుమ్ములో నడిచిన చర్మం, ఎవరూ నేర్పకుండానే, నోటికి పైకప్పై నిలబడింది. టీచరు కూడా ఆ అద్దాన్నే చూస్తోంది.

అద్దం ఎలాగూ కళ్లెదుటే ఉంది. మైకక్క దాన్ని అందుకుని కాస్త పైకెత్తింది. వాపు ముఖం. ముక్కు పక్కనుంచి పైపెదవి దాకా దిగిన కుట్లు. కింది కనురెప్ప కాస్త కిందికి జారింది. చెంప మాత్రం ఉంది. ఉండాల్సిన చోట, ఉండాల్సిన ఎత్తున. ప్లాస్టిక్ బొమ్మ మీద నిమిరిన ఆ వంపే.

“ఎలా ఉన్నానండీ?” అంది భర్తతో. కొత్త అంగిలితో ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న అది.

మేస్త్రి తల అటూ ఇటూ వంచి, వెలుతురు పడే దిక్కు చూసుకుని, గంభీరంగా, “పక్కనుంచి ఎండపడితే తప్ప సొట్ట తెలీదే” అన్నాడు. చెల్లెలు ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే టార్చి లాక్కుని, “ఏదక్కా, నోరు తెరువు” అని లోపలికి చూసి కెవ్వుమంది.

“అక్కా! నీ మచ్చ! పైన కూర్చుంది!”

నాలుక మీద మచ్చున్నవాళ్లు ఏమంటే అది జరుగుతుందంటారు కదా. అంగిట్లో మచ్చున్నవాళ్ల సంగతేమిటో ఎవరికీ తెలియదు. “ఇక నీతో జాగ్రత్తగా ఉండాలి బాబూ” అంది చెల్లెలు.

ఇక్కడితో కష్టం అయిపోయిందనుకుంటే పొరపాటు. రేడియేషను వారాలకొద్దీ నడిచింది. నోరంతా పూసి, గంజి మింగినా నిప్పు మింగినట్టుండేది. ఒంట్లో సత్తువంతా పోయింది. కాలు నేలమీద పెట్టడం మళ్లీ నేర్చుకుంది. గోడ పట్టుకుని, కర్ర పట్టుకుని, భర్త భుజం పట్టుకుని నడిచింది. చిరాకుపడ్డ రోజులున్నాయి. ఎందుకొచ్చిన బతుకని గోడవైపు తిరిగి పడుకున్న రోజులూ ఉన్నాయి. అలాంటప్పుడు ఎవరూ చూడకుండా దవడ కింద వేలు పెట్టుకునేది. బాగా వెతికితే ఆ నాళం వేలి కొనకి తగిలేది, సన్నగా. నడుస్తూనే ఉంది.

ఆకులు రాలే కాలంలో ఒకరోజు పరీక్షకి వెళ్లడానికి ఒంటరిగా బయల్దేరింది. భర్త వస్తానంటే వద్దంది. బస్టాండులోకి అడుగుపెట్టగానే పైనుంచి యంత్రం గొంతు వినిపించింది. రికార్డు చేసి పెట్టిన ఆడగొంతు. స్పష్టంగానే ఉంది. టీ సంగతీ గొడుగు సంగతీ మాత్రం చెప్పడం లేదు. జనం అటూ ఇటూ పోతున్నారు. ఎవరూ ఆమె ముఖం వైపు రెండోసారి చూడలేదు. ప్లాట్‌ఫారం దగ్గర ఒక కండక్టరు వెనక్కి తిరిగి నిలబడి టికెట్ల మిషను సరిచేసుకుంటున్నాడు. కొత్త కండక్టరు. ఆమె ఆసుపత్రిలో చేరడానికి కొన్నాళ్ల ముందే ఉద్యోగంలో చేరాడు. ఆమె గొంతు రోజూ విన్నాడు గానీ, ఒకరినొకరు చూసుకున్నదే లేదు.

“బాబూ, ఇది పెద్దాసుపత్రి మీదుగా వెళ్లే బండేనా?”

అతని చేతిలో మిషను ఆగిపోయింది. చటుక్కున తిరిగాడు. ఆమె ముఖం చూసి కాదు, గాలిలో ఏదో వెతుకుతున్నట్టు చూశాడు.

“ఇంకోసారి అనండి.”

“ఆసుపత్రి మీదుగా...”

“మైకక్కా!”

ఆ కేకకి పక్క బండి డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. టీ కొట్టతను గిన్నె వదిలేసి వచ్చాడు. పూలమ్మే ముసలామె వచ్చింది. చుట్టూ చేరిపోయారు. ఎవరికి తోచింది వాళ్లు అంటున్నారు. “మీరేనా! నేను ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నా.” “నేను లావుగా ఉంటారనుకున్నా.” “చూడు, ఎంత చక్కగా ఉందో” అని ముసలామె ఆమె చెంప నిమిరింది, ఎడమవైపే. మునుపటి ముఖం వాళ్లలో ఎవరూ చూళ్లేదు. కాబట్టి దేనితోనూ పోల్చిచూడటానికి లేదు. వాళ్లకి ఇదే మైకక్క ముఖం. ఆమె నిలబడ్డచోటే నిలబడిపోయింది. ఆ చేతి వెచ్చదనం చెంపకి తెలియలేదు. అయినా ఎక్కడో తెలిసింది.

ఆ కబురు మేనేజరుకి చేరింది. పూట విడిచి పూట మైకు ముందు కూర్చోమన్నాడు. ‘స’ పలికితే కాస్త ఈలలా వస్తుంది. అలసిపోతే మాట జారుతుంది. అప్పుడు యంత్రం మీట నొక్కి, తను టీ తాగుతుంది.

ఏడాది దాటాక, ఆ కాలి ఎముకలోనే మేకులు దించి పళ్లు బిగిస్తామని కట్టే డాక్టరమ్మ కబురు పెట్టింది. ముందుగా ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురు పలకకి తగిలించి, మైకక్కనీ మేస్త్రినీ పిలిచి చూపించింది.

“చెప్పండి మేస్త్రిగారూ, అతుకు ఎక్కడుందో.”

ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. పలకా మేకులూ తెల్లగా కనిపిస్తున్నాయి. ముక్కకీ ముక్కకీ మధ్య ఉండాల్సిన గీతలు లేవు. కాలి ఎముక ఎక్కడ అయిపోయిందో, ముఖం ఎముక ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. “ఇదీ...” అని వేలు పెట్టి తీసేశాడు. “కాదు, ఇక్కడ...” అని ఆగిపోయాడు. “కనపడ్డం లేదండీ.”

“నాకూ కనపడ్డం లేదు” అంది డాక్టరమ్మ. “నేను పక్కపక్కన పెట్టి బిగించానంతే. కలుపుకున్నది ఆవిడ ఒళ్లే. ఎలా కలుపుకుందని అడిగితే పుస్తకంలో ఉన్నది చెప్తాను. కానీ ఇలా చూసినప్పుడల్లా, పుస్తకం చదవని దానిలా నిలబడిపోతాను.”

బయట వరుసలో ఎవరో దగ్గుతున్నారు. మైకక్క ఎక్స్‌రే మీదనుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

“డాక్టరమ్మా, పళ్లు పెట్టాక జామకాయ కొరకొచ్చా?”

“మొదట్లో ముక్కలు కోసుకుని తినండి. తరవాత కొరకండి.”

“దోరదే తెస్తాను” అన్నాడు మేస్త్రి.